కొలిమిలో కొట్టినదా, అచ్చులో పోసినదా: గోల్ఫ్ ఐరన్ల ఎంపికపై నా మాట

నా సెవెన్ ఐరన్ (గోల్ఫ్ బంతిని కొట్టే లోహపు తల కర్రల్లో ఏడో నంబరుది) అడుగు అంచున, బంతిని తాకే చోటికి వేలెడు దూరంలో, క్రోము పొర గోరంత మేర పొక్కిపోయి ఉండటం మొదట చూసింది మా కేడీ (కర్రల సంచి మోసే) కుర్రాడు. తడిగుడ్డతో తుడుస్తున్నవాడు ఆగి, "సార్, ఇక్కడేటో పొక్కులాగున్నాది, ఒకపాలి చూడండి" అని నా చేతికిచ్చాడు. బొటనవేలి గోటితో గీకగానే ఆ పొర గుడ్డు పెంకులా లేచివచ్చింది. దాని కింద ఇటుక రంగు పొడి, ఆ పొడి కింద గుంటలు పడిన ఇనుము కనిపించాయి. ఆ సెట్టు కొని అప్పటికి రెండు వానాకాలాలు మాత్రమే గడిచాయి. అమ్మిన దుకాణంలో చెప్పిన మాట ఇంకా నా చెవిలోనే ఉంది: "ఇవి ఫోర్జ్‌డ్ ఐరన్లండీ, ఒకసారి చెయ్యి అలవాటు పడితే మళ్ళీ కాస్ట్ ఐరన్లు ముట్టుకోబుద్ధి కాదు." ఫోర్జ్‌డ్ అంటే కాల్చి కొట్టి చేసినవి, కాస్ట్ అంటే అచ్చులో పోసినవి. దుకాణంవాడి మాట నమ్మి, అంతకు ముందు వాడుతున్న సెట్టుకు పెట్టిన ధరకు దాదాపు రెట్టింపు పెట్టి కొన్నాను.

అందులో నన్ను ఎక్కువ బాధపెట్టింది డబ్బు కాదు. నేను విశాఖ ఉక్కు కర్మాగారంలో, ఇంజనీరింగ్ షాపులూ ఫౌండ్రీ విభాగంలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. ఒక షెడ్డులో ఎర్రగా కాలిన దిమ్మెలను సుత్తి కింద పెట్టి సాగగొట్టేవారు, ఇంకో షెడ్డులో కరిగిన ఉక్కును అచ్చుల్లో పోసేవారు, నా ఉద్యోగమంతా ఆ రెండింటి మధ్యనే నడిచింది. ఏ భాగాన్ని కొట్టి చేయాలో, ఏ భాగాన్ని పోసి చేయాలో ఇతరులకు చెప్పడం నా పని. అటువంటి నేను, ముడసర్లోవ దారిలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బులో ఆట మొదలుపెట్టాక, ఫ్యాక్టరీలో ప్రతిరోజూ వేసుకున్న ప్రశ్నను ఈ వస్తువు విషయంలో మాత్రం వేసుకోలేదు. ఈ వస్తువు మీద ఏ భారం పడుతుంది, ఆ భారానికి ఏ పద్ధతి కావాలి అన్నదే ఆ ప్రశ్న. ఆలస్యంగానైనా దాన్ని ఇక్కడ వేసుకుంటున్నాను, ఎందుకంటే మా క్లబ్బులో కొత్తగా ఆట నేర్చుకుంటున్న కుర్రవాళ్ళు ఇప్పటికీ అదే మాట నమ్మి అదే ధర పెడుతున్నారు.

నా వాదన ఇది. ఫోర్జింగు వల్ల లోహానికి కలిగే అసలు మేలు గోల్ఫ్ ఐరన్‌కు అక్కరకు రాదు. అక్కరకు వచ్చేవి వేరే ఉన్నాయి: తల ఆకారం, బరువు పంపకం, ఆడేవాడి ఒడ్డూ పొడవుకు సరిపడే లై కోణం (కర్ర కాడ నేలతో చేసే కోణం), ఈ ఊరి సముద్రపు గాలిని తట్టుకునే గుణం. వీటిలో ఏదీ ఫోర్జింగు ఒక్కదాని సొత్తు కాదు, చివరిదైతే పూర్తిగా స్టెయిన్‌లెస్ పోత ఐరన్ల పక్షానే ఉంది. అందువల్ల విశాఖలో వారానికి రెండు మూడు రోజులు ఆడుకునే మనిషి మంచి పోత ఐరన్లు కొనుక్కుని, మిగిలిన డబ్బులో కొంత వాటి కోణాలు సరిచేయించుకోవడానికి ఖర్చు పెట్టడం మేలని నా నమ్మకం.

ముందుగా మాటల తికమక ఒకటి తీర్చాలి. కాస్ట్ ఐరన్ అనగానే మనవాళ్ళకు పోత ఇనుము గుర్తుకు వస్తుంది. మ్యాన్‌హోలు మూత, పాతకాలపు కుట్టుమిషను కాళ్ళు, కింద పడితే పగిలే పెనం, ఇవన్నీ పోత ఇనుమే. గోల్ఫ్‌లో ఐరన్ అనేది కర్రకు పెట్టుకున్న పేరు, అందులో పోసేది పోత ఇనుము కానే కాదు. పోత ఐరన్లలో ఎక్కువగా వాడేది 17-4 అనే స్టెయిన్‌లెస్ ఉక్కు, అంటే సుమారు 17 శాతం క్రోమియం, 4 శాతం నికెలు ఉన్న మిశ్రమం. 431 అనే మరో స్టెయిన్‌లెస్ రకాన్ని కూడా వాడతారు. ఇవి పెళుసు లోహాలు కావు. ఫోర్జ్‌డ్ ఐరన్లకు వాడే 1020, 1025 రకాలు అతి సాధారణమైన మెత్తని కార్బన్ ఉక్కు, వాటిలో కార్బన్ పావు శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. ధరను బట్టి చూసినవాళ్ళు ఫోర్జ్‌డ్ ఐరన్‌లో ఉన్నది ఖరీదైన లోహమనీ, పోత ఐరన్‌లో ఉన్నది చవక సరుకనీ అనుకుంటారు. మిశ్రమ లోహాల లెక్కలో చూస్తే నిజం దీనికి తలకిందులుగా ఉంటుంది.

ఇప్పుడు ఫోర్జింగు గొప్పదనం. అది నిజమైన గొప్పదనమే, దాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. ఉక్కు కడ్డీని పదకొండు పన్నెండు వందల డిగ్రీల సెల్సియస్ వరకు కాల్చి డైల (ఉక్కు అచ్చు దిమ్మెల) మధ్య పెట్టి నొక్కినప్పుడు, లోపల ఉన్న సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి, లోహపు గ్రెయిన్ వస్తువు ఆకారం వెంట వంగి ప్రవహిస్తుంది. కర్రలో నార వంటిది అది. నార వెంట కర్ర బలంగా ఉన్నట్టే, గ్రెయిన్ వెంట ఉక్కు అలసటను ఎక్కువగా తట్టుకుంటుంది. క్రేను కొక్కేన్ని, ఇంజను క్రాంక్‌షాఫ్టును అందుకే సాగగొట్టి చేస్తారు. వాటి మీద భారం లక్షల సార్లు పడి లేస్తూ ఉంటుంది, ఎక్కడో ఒక చిన్న బీట పుట్టి పెరిగితే మనిషి ప్రాణానికే ముప్పు. అదే కర్మాగారంలో, వందల టన్నుల ఒత్తిడిని భరించే రోలింగు మిల్లు హౌసింగులు పోత ఉక్కుతో చేసినవే. వాటి ఆకారం క్లిష్టం, పరిమాణం పెద్దది, భారం తీరు వేరు. కొట్టినది గొప్పదనీ, పోసినది తక్కువదనీ ఫౌండ్రీలో ఎవరూ అనరు. ఏ పనికి ఏది అని మాత్రమే అడుగుతారు.

గోల్ఫ్ ఐరన్ మీద పడే భారమెంతో కాగితం మీద లెక్క వేసుకోవచ్చు. బంతి బరువు నిబంధనల ప్రకారం 45.93 గ్రాములకు మించదు. నాలాంటి ఆటగాడు సెవెన్ ఐరన్‌తో కొడితే అది సెకనుకు 50 మీటర్లకు కాస్త తక్కువ వేగంతో బయలుదేరుతుంది. బంతీ ఐరనూ తాకి ఉండే సమయం సెకనులో రెండు వేలవ వంతు కంటే కొంచెం తక్కువ. ఈ మూడింటినీ కలిపితే సగటు బలం ఐదు వందల కిలోల బరువు మోపినంత వస్తుంది. వినడానికి పెద్దదిగా ఉన్నా, అది పాత రూపాయి బిళ్ళంత విస్తీర్ణంలో పరుచుకుంటుంది కనుక చదరపు మిల్లీమీటరుకు ఒక కిలోకు అటూ ఇటూగా పడుతుంది. మెత్తని 1025 ఉక్కు శాశ్వతంగా వంగాలంటే చదరపు మిల్లీమీటరుకు పాతిక కిలోల పైమాట కావాలి, వేడితో గట్టిపరచిన 17-4 అయితే దానికి రెండు మూడు రెట్లు కావాలి. అంటే గట్టి వీపున్న ఐరన్ తల ఏ పద్ధతిలో తయారైనా, బంతిని కొట్టడం వల్ల అలసిపోయి విరిగే ప్రసక్తి దాదాపుగా లేదు. మొహం, అంటే బంతిని తాకే వైపు, పలచగా చేసి లోపల బోలుగా ఉంచే కొత్త రకాల సంగతి వేరు. అక్కడ మొహపు పలక వంగి లేస్తుంది కనుక దానికి ఎక్కువ బలమైన ఉక్కు ఎంచుకుంటారు, చాలాసార్లు ఆ పలకను మాత్రమే ఫోర్జ్ చేసి మిగిలిన తలకు అతికిస్తారు. మెడ (కాడ దిగే చోటు) మీద ఫోర్జ్‌డ్ అని ముద్ర ఉన్నంత మాత్రాన తల మొత్తం సుత్తి దెబ్బ తిన్నదని అనుకోనక్కర లేదు.

మరి ఫోర్జింగుకు ఈ ఆటలో ఇంత పేరు ఎలా వచ్చింది? చరిత్ర వల్ల. స్కాట్లాండులో ఐరన్ తలలను మొదట చేసింది ఊరి కమ్మరులే. సెయింట్ ఆండ్రూస్‌లో టామ్ స్టీవర్ట్ కొలిమి నుంచి పైపు గుర్తుతో వచ్చిన తలలు లోకమంతా తిరిగాయి, బాబీ జోన్స్ వంటి మహా ఆటగాడు వాడినవి ఆ కొలిమి ఐరన్లే. అప్పటికి సన్నని ఆకారాన్ని కచ్చితంగా పోయగల పద్ధతి ఈ పరిశ్రమకు అందుబాటులో లేదు కనుక, మంచి ఐరన్ అంటే కొట్టి చేసిన ఐరన్ అన్న మాట ఆ రోజులకు నిజమే. నార్వేలో పుట్టి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరుగా పనిచేసిన కార్స్‌టెన్ సోల్‌హైమ్, 1959లో తన గరాజులో పింగ్ అనే పేరుతో పట్టర్లు (బంతిని గుంటలోకి దొర్లించే కర్రలు) చేయడం మొదలుపెట్టాక ఆ నిజం మారింది. ఐరన్ తల మధ్యలోని లోహాన్ని తీసి అంచులకు పంచితే, బంతి పక్కకు తగిలినప్పుడు తల మెలితిరగడం తగ్గుతుందని ఆయన పట్టుకున్న సూత్రం. అటువంటి లోతైన గుంటనూ, దాని చుట్టూ గట్టునూ రెండు డైల మధ్య నొక్కి తీయడం కష్టం, పోత పోయడం తేలిక. 1982లో వచ్చిన పింగ్ ఐ2 ఐరన్ ఆ ఆలోచనను ప్రపంచమంతటికీ చేర్చింది. అదే సంస్థ ఐరన్లతో బబ్బా వాట్సన్ 2012లోనూ 2014లోనూ మాస్టర్స్ టోర్నీ గెలిచాడు, ఆ ఐరన్లు పోతవే.

పోత పద్ధతి గురించి ఇంకొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే దీన్ని చిన్నచూపు చూసేవారిలో చాలామంది అది ఎలా జరుగుతుందో చూసి ఉండరు. ఐరన్ తలలను ఇసుక అచ్చులో పోయరు. మన స్థపతులు పంచలోహ విగ్రహాలు పోసే పద్ధతే అది. ముందుగా మైనంతో ఐరన్ తల నమూనా తయారవుతుంది, గీతలతో సహా. అటువంటి మైనపు తలలను ఒక మైనపు కాండానికి కొమ్మల్లా అతికిస్తారు. ఆ గుత్తిని పింగాణీ ముద్దలో ముంచి, సన్నని ఇసుక చల్లి ఆరబెడతారు. మళ్ళీ ముంచి మళ్ళీ ఆరబెడుతూ అనేక పొరలు ఎక్కిస్తారు. తర్వాత ఆవిరి వేడికి మైనం కరిగి కారిపోగా మిగిలిన డొల్లను కొలిమిలో కాల్చి, అది ఇంకా వేడిగా ఉండగానే కరిగిన స్టెయిన్‌లెస్ ఉక్కును పోస్తారు. నేనొకసారి ఒక స్థపతి దగ్గర కూర్చుని, ఆయన అమ్మవారి విగ్రహం చేతి వేళ్ళకు మైనంతో గోళ్ళు దిద్దడం చూశాను. పోత పూర్తయి మట్టి పగలగొట్టాక లోహపు వేలి మీద ఆ గోరు, దాని పక్కన ఆయన పనిముట్టు చేసిన వెంట్రుకవాసి గీత కూడా అలాగే ఉన్నాయి. మైనంలో ఏది ఉంటే లోహంలో అది వస్తుంది. అందుకే పోత తల ఇంచుమించు తుది ఆకారంలోనే, తుది బరువుకు దగ్గరగానే బయటికి వస్తుంది. ఫోర్జ్ చేసిన తలకు ఆ తర్వాత చుట్టూ మిగిలిన రెక్కను కోయాలి, మెడలో రంధ్రం తొలవాలి, సానరాయి మీద చేతితో రాయాలి. ఆ చేతి పనితనం జపానులో గొప్ప స్థాయికి చేరిందన్నది నిజం. హిరోషిమాలో మిజునో కోసం జరిగే పనీ, హిమేజీ ప్రాంతపు మియురా పనీ చూస్తే ఎవరైనా నమస్కరించాల్సిందే. నేను నమస్కరించేది ఆ చేతికి. అదే చేతికి పోత తల ఇచ్చినా అంత అందంగానూ రాస్తుంది.

ఈ రెండు శిబిరాల పెద్దలే గోడ దాటి అటూ ఇటూ వెళ్ళారు. ఫోర్జింగుకు మారుపేరైన మిజునో, హాట్ మెటల్ పేరుతో వచ్చే తన ఐరన్లను క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిసిన) ఉక్కుతో పోత పోస్తుంది. పోతకు మారుపేరైన పింగ్ 2019లో బ్లూప్రింట్ అనే సన్నని బ్లేడును (నిండు వీపున్న పలచని ఐరన్‌ను) 8620 కార్బన్ ఉక్కుతో ఫోర్జ్ చేసి విడుదల చేసింది. చేసేవాళ్ళు పనిని బట్టి పద్ధతిని ఎంచుకుంటున్నారు, కొనేవాళ్ళం మాత్రం పద్ధతిని బట్టి వస్తువును ఎంచుకుంటున్నాం.

ఫోర్జ్‌డ్ పక్షాన నాకు ఎప్పుడూ వినిపించే మాట, మెత్తగా తగులుతుందని. ఇక్కడ సొమ్మొకడిది, సోకొకడిది. లోహం మెత్తన అయ్యేది అందులో కార్బన్ తక్కువగా ఉండటం వల్ల, వేడి చేసి చల్లార్చిన తీరు వల్ల. అదే తక్కువ కార్బన్ ఉక్కును పోత పోసి సరిగ్గా చల్లారిస్తే అదీ మెత్తగానే ఉంటుంది. పైగా ఆ మెత్తదనం బంతికి తెలియదు. రెండు వస్తువులు ఢీకొన్నప్పుడు వాటి స్పందనను నిర్ణయించేది లోహం గీత పడేంత మెత్తనా కాదా అన్నది కాదు, అది వంగకుండా ఎంత బిర్రుగా ఉంది, ఎంత బరువుగా ఉంది అన్నవి. ఆ రెండింటిలో 1025కూ 17-4కూ తేడా స్వల్పం. బిర్రుదనంలో నాలుగైదు శాతం, సాంద్రతలో అంతకంటే తక్కువ. బంతి అయితే ఈ రెండు ఉక్కులతో పోల్చినప్పుడు నురుగు ముద్ద వంటిది. తాకిడిలో నలిగేదంతా అదే. ఆ నలుగుడు ముగిసి బంతి గాలిలోకి వెళ్ళిపోయిన చాలాసేపటికి గాని చేతి నరాల వార్త మెదడుకు చేరదు. చాలాసేపు అంటే సెకనులో వందో వంతుకు పైమాటే, కానీ తాకిడి సమయంతో పోలిస్తే అది పదుల రెట్లు.

అయినా చేతికి తెలుస్తోందని అందరూ అంటున్నప్పుడు లెక్కలతో కొట్టిపారేయడం నాకు నచ్చలేదు. ఒక మిత్రుడి దగ్గర నా ఫోర్జ్‌డ్ సెట్టుకు ఆకారంలో చాలా దగ్గరగా ఉన్న పోత సెవెన్ ఐరన్ ఉంది, షాఫ్టు (కర్ర కాడ) కూడా అదే బరువుది. దాన్ని అడిగి తెచ్చుకున్నాను. ఒక ఉదయం డ్రైవింగ్ రేంజిలో (బంతులు కొట్టి సాధన చేసే చోట) రెండింటి వీపులకూ టేపు అంటించి, కేడీ కుర్రాణ్ణి తనకు తోచిన వరుసలో ఒక్కొక్కటి అందించమన్నాను. మామూలుగా కొట్టినప్పుడు ఏది ఏదో దాదాపు ప్రతిసారీ చెప్పగలిగాను. ఆ తర్వాత ఫ్యాక్టరీ రోజుల చెవి ప్లగ్గులు పెట్టుకుని కొట్టాను. సగం సార్లు తప్పాను, అంటే చీటీ తీసి చెప్పినా అంతే వచ్చేది. ఒక్క సంగతి మాత్రం ప్లగ్గులు పెట్టుకున్నా ప్రతిసారీ తెలిసింది: బంతి మొహం మధ్యలో తగిలిందా, కొసకు తగిలిందా అన్నది. నా మొహం చూస్తూ నిలబడిన కుర్రాడు నాకంటే ముందే ఆ మాట అన్నాడు. "మద్దిలో తగిలితే రెండూ ఒకలాగే ఉంటన్నాయి కదా సార్, పక్కకి తగిలినప్పుడే మీరు చెయ్యి దులుపుతన్నారు." మనం చేతికి తెలిసిందనుకునేది చాలావరకు చెవికి తెలిసినదే, ఆ శబ్దాన్ని నిర్ణయించేది మొహం వెనుక ఉన్న లోహపు మందం, గుంట ఆకారం. ఫోర్జ్‌డ్ ఐరన్లు ఎక్కువగా నిండు వీపుతో వస్తాయి, పోతవి ఎక్కువగా గుంట వీపుతో వస్తాయి, కనుక ఆకారం చేసిన శబ్దాన్ని మనం పద్ధతి ఖాతాలో వేస్తున్నాం. ఆ శబ్దం నాకూ ఇష్టమే. దాని కోసం డబ్బు పెట్టేవారిని నేను తప్పుపట్టను, దేనికి పెడుతున్నారో తెలిసి పెట్టమంటాను.

దుకాణాల్లో జరిగే పోలికలు కూడా ఇటువంటివే, కాకపోతే అవి పోత పక్షానికి లేని గొప్పతనాన్ని అంటగడతాయి. పక్కపక్కన రెండు సెవెన్ ఐరన్లు పెట్టి కొట్టించి, పోతది పదిహేను గజాలు ఎక్కువ పోయిందని చూపిస్తారు. లోఫ్టు అంటే మొహం వెనక్కి వాలిన కోణం, అది తగ్గితే బంతి దూరం పోతుంది. ఫోర్జ్‌డ్ బ్లేడు లోఫ్టు 34 డిగ్రీలు, ఆ పోత ఐరన్ లోఫ్టు 29 డిగ్రీలు అయితే, మీరు పోల్చింది రెండు లోహాలను కాదు, ఒక సెవెన్ ఐరన్‌నూ ఇంచుమించు ఒక సిక్స్ ఐరన్‌నూ. మీద చెక్కిన అంకెను కాక లోఫ్టు పట్టికను అడిగి చూడాలి.

ఇక మన ఊరి సంగతి. ఐరన్ల గురించి రాసే విదేశీయులు తుప్పును ఒక వాక్యంలో దాటేస్తారు. ఇక్కడ అది కుదరదు. బీచ్ రోడ్డు వైపు ఇంటి బాల్కనీ గ్రిల్లుకు ఎన్నిసార్లు రంగు వేయించారో ఆ ఇంటివాళ్ళను అడగండి. ఆర్కే బీచిలో ఒడ్డున నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామిని కాపాడుకోవడమంటే ఉప్పుగాలితో ఎడతెగని పోరాటం. మెత్తని కార్బన్ ఉక్కు ఐరన్‌కు ఈ గాలిలో ఉన్న రక్షణ ఒక్కటే, నికెలు మీద క్రోము పూత. ఆ పూత చెక్కుచెదరనంత కాలం తల మెరుస్తూనే ఉంటుంది. ఒకచోట పూత చిట్లితే మాత్రం అది రక్షించడం మానేయడమే కాదు, హాని చేస్తుంది. జింకు పూత వేసిన బకెట్టుకు గీత పడితే జింకు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. నికెలు, క్రోములది దీనికి వ్యతిరేకం. ఉప్పుతేమ సమక్షంలో అవి నిలిచి ఉండి ఇనుమును కరగనిస్తాయి, పైగా విశాలమైన పూత, చిన్న రంధ్రం అయినప్పుడు ఆ కరగడమంతా ఆ చిన్న చోటే లోతుగా జరుగుతుంది. నా సెవెన్ ఐరన్ పొక్కు కింద కనిపించిన గుంటలు అవే.

పూత ఎందుకు చిట్లింది అన్నదానికి మన నేల సమాధానం చెబుతుంది. మన కొండలు ఖొండలైటు రాతివి. ఆ రాయి చివికి ఎర్రమట్టి అవుతుంది, దానిలోని క్వార్ట్జు, గార్నెట్ రేణువులు మాత్రం చివకకుండా మట్టిలోనే మిగులుతాయి. ఫెయిర్‌వే (ఆడే దారిలోని కత్తిరించిన గడ్డి) మీద గడ్డి పలచబడిన చోట డివట్ (దెబ్బకు లేచే గడ్డి పెళ్ళ) తీసిన ప్రతిసారీ ఐరన్ అడుగు ఆ రేణువులను రాసుకుంటూ పోతుంది. క్రోము స్వతహాగా చాలా గట్టిది, కానీ పలచని పొర. దాని కింద ఉన్నది మెత్తని ఇనుము. మెత్తని పరుపు మీద గాజు పలక పెట్టి వేలితో నొక్కినట్టు, కింద ఇనుము కాస్త సొట్టపడగానే పైన పొర బీటలు వారుతుంది. దేనిని మెచ్చుకుని కొన్నామో ఆ మెత్తదనమే ఇక్కడ పూతకు శత్రువైంది. 17-4 అడుగున కూడా గీతలు పడతాయి, కాని గీత కింద ఉన్నదీ అదే స్టెయిన్‌లెస్ ఉక్కు. క్రోమియం లోహమంతటా ఉంది గనుక గీత పడిన చోట గాలి తగలగానే కంటికి కనిపించని కొత్త పొర తనంతట తానే ఏర్పడుతుంది. స్టెయిన్‌లెస్ కూడా ఉప్పుకు పూర్తిగా అతీతమైనది కాదు, తడి సంచిలో నెలల తరబడి వదిలేస్తే దానికీ చుక్కలు పడతాయి. మంచినీటితో కడిగి పొడిగుడ్డతో తుడిస్తే చాలు, ఏళ్ళ తరబడి ఉంటుంది. బదిలీ మీద ఊరు విడిచి వెళ్ళేవారి దగ్గర పాత సెట్లు దొరికే ఊరు ఇది. పదిహేనేళ్ళ నాటి పోత సెట్టును నేను ధైర్యంగా కొంటాను. అదే వయసు ఫోర్జ్‌డ్ సెట్టును అడుగులు తిప్పి, అంచులు గీకి చూడకుండా కొనను.

ఫోర్జ్‌డ్ పక్షాన నిజంగా బరువున్న వాదన ఒకటుంది, అది వంచగలగడం. ఐరన్ నేల మీద ఆనినప్పుడు షాఫ్టు నేలతో చేసే కోణం లై. ఐరన్ తల బొటనవేలి వైపు (కాడకు దూరపు కొస) లేచి ఉంటే మొహం ఎడమకు చూస్తుంది, మడమ వైపు (కాడ దగ్గరి కొస) లేచి ఉంటే కుడికి చూస్తుంది. కుడిచేతి వాటం ఆటగాడు, 33 డిగ్రీల సెవెన్ ఐరన్, లైలో రెండు డిగ్రీల తప్పు అనుకుందాం. మొహం దిక్కు సుమారు 1.3 డిగ్రీలు మారుతుంది, 140 మీటర్ల దూరంలో అది మూడు మీటర్ల పైమాట. బ్రహ్మాండంగా కొట్టిన బంతి కూడా జెండా పక్కన పడాల్సింది బంకరులో (ఇసుక గుంటలో) పడుతుంది. దుకాణంలో నిలబెట్టిన సెట్ల కోణాలు మనకంటే పొడవైన మనుషులను దృష్టిలో పెట్టుకుని చేసినవి. నా ఎత్తు ఐదడుగుల నాలుగు అంగుళాలు. అడుగున టేపు అంటించి పలక మీద బంతిని కొట్టి చూస్తే, ఆ టేపు మీద రాపిడి ముద్ర మధ్యలో కాకుండా మడమ వైపు పడింది. ఎన్ని నెలలుగా ఎడమకు పోతున్న బంతులకు నా భుజాలనూ మణికట్టునూ నిందించుకున్నానో గుర్తొచ్చి ఆ టేపును చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

మెత్తని కార్బన్ ఉక్కు మెడను మూడు నాలుగు డిగ్రీల వరకు భయం లేకుండా వంచవచ్చు. 17-4 మెడ మొండిది. రెండు డిగ్రీల వరకు తెలిసినవాడి చేతిలో వంగుతుంది, అంతకు మించి లాగితే విరిగే ప్రమాదముంది. 431 దానికంటే నయం. పొడవు బాగా తక్కువైనవారికి, ఎక్కువైనవారికి, మూడు నాలుగు డిగ్రీల మార్పు అవసరమైనవారికి ఫోర్జ్‌డ్ కొనడానికి ఇది సరైన కారణమని ఒప్పుకుంటున్నాను. అయితే మెత్తని మెడ వంచినప్పుడే కాక, గట్టి మ్యాటు మీద వేల బంతులు కొట్టినప్పుడు కూడా కొద్దికొద్దిగా వంగుతుంది. అందుకే ఏడాదికోసారి వాటి కోణాలు కొలిపించుకోమంటారు. లై కోణానికి రంగు చుక్కలు పెట్టి, ప్రతి ఆటగాడి ఎత్తునూ మణికట్టు నుంచి నేలకు దూరాన్నీ కొలిచి సెట్టు అమ్మే పద్ధతిని ఊరూరా అలవాటు చేసింది పోత ఐరన్ల పింగే. వారి కొన్ని తలల మెడ దగ్గర చిన్న గాడి కనిపిస్తుంది, అది సులువుగా వంచడానికి పెట్టినదే. చాలామందికి కావలసింది ఒకటి రెండు డిగ్రీలే కనుక, వంగదన్న భయంతో పోతను వదులుకోనక్కర లేదు.

వెడ్జుల (దగ్గరి దెబ్బలకు వాడే, మొహం బాగా వాలిన ఐరన్ల) దగ్గర నేను ఇంత పట్టుదలగా మాట్లాడను. వాటిని ఏడాది రెండేళ్ళలో గీతలు అరిగి మారుస్తూనే ఉంటాం, తుప్పు తినేలోపు వాటి పని ముగుస్తుంది. గ్రీను (జెండా ఉండే నున్నని గడ్డి) చుట్టూ ఆడే చిన్న దెబ్బల్లో చెవికి వినిపించే ఆ ముద్దుగా ఉన్న శబ్దం నాకు దూరాన్ని అంచనా వేయడంలో సాయపడుతుంది. అందుకే నా సంచిలో 56 డిగ్రీల ఫోర్జ్‌డ్ వెడ్జు ఒకటి ఉంది. ఫైవ్ ఐరన్ నుంచి పిచింగ్ వెడ్జు వరకు మిగిలినవన్నీ ఇప్పుడు 17-4 పోతవి, లై రెండు డిగ్రీలు తగ్గేలా వంచినవి. ఫోర్జ్‌డ్ సెట్టును అమ్మలేదు. పొక్కిన సెవెన్ ఐరన్‌ను ఎమరీ కాగితంతో రుద్ది, నూనె రాసి దాచాను, అడిగినవారికి చూపించడానికి.

టేపు చుట్ట, లై పలక నా కారు డిక్కీలో ఉన్నాయి. శనివారం ఉదయం ఆరున్నరకు రేంజి ఎడమ చివర ఉంటాను. మా క్లబ్బు కుర్రవాళ్ళు కొత్త సెట్టుకు డబ్బు కట్టే ముందు, ఇప్పుడు వాడుతున్న సెవెన్ ఐరన్ తీసుకుని రండి. పది బంతులు కొడితే ముద్ర ఎక్కడ పడుతుందో చూద్దాం.